నిర్లక్ష్యం ఎక్కడ పుడుతుంది?

కళాశాలల్లో పాఠాలు చెప్పే మిత్రులు నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి విద్యార్థుల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఈ పిల్లలకు శ్రద్ధ లేదు. పాఠ్యపుస్తకం కొనరు, కొన్నవాళ్ళు తెరవరు. తరగతికి రారు, వచ్చినవాళ్ళు వినరు. రాసుకురమ్మంటే ఎక్కడినుంచో దించుకొస్తారు. పరీక్ష ముందురోజు వచ్చి "ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి సార్" అని నిలబడతారు. ఈ ఫిర్యాదులో అతిశయోక్తి కొంత వుండవచ్చుగాని అబద్ధం లేదు. ఇష్టపడి తయారై చెప్పిన పాఠం ఎవరికీ పట్టకుండా పోతుంటే చెప్పినవాడికి కలిగే బాధ మామూలుది కాదు. ఆ బాధను హేళన చేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే బాధ నిజమైనంతమాత్రాన దానికి చెప్పుకునే కారణం కూడా నిజం కానక్కరలేదు. కడుపునొప్పి నిజమే కావచ్చు. నిన్న తిన్న వంకాయకూర వల్లనే వచ్చిందా అన్నది విచారించవలసిన విషయం. 'విద్యార్థుల నిర్లక్ష్యం' అన్న మాట మన అధ్యాపకుల నోట రోగనిర్ణయంలాగా వినిపిస్తున్నది. అది రోగలక్షణానికి పెట్టిన పేరు మాత్రమే. దాని మూలాలు తరగతిగది బయట ఎన్ని వున్నాయో లోపల కూడా అన్ని వున్నాయి. వాటిని వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. వెతుకుతున్నవాడు కళాశాల అధ్యాపకుడు కాదు, బడిపంతులు. కళాశాలవారు ఫిర్యాదు చేసే పిల్లలు మా చేతులమీదుగా వెళ్ళినవాళ్ళే కనుక ఈ విచారణలో నేను సాక్షిని మాత్రమే కాదు, ముద్దాయిల్లో ఒకణ్ణి కూడా.

1. ఒక అచ్చుతప్పు కథ

డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పే మిత్రుడొకరు ఈమధ్య ఒక కట్ట తెచ్చి నా ముందు పడేశాడు. గురజాడ కవిత్వం మీద విద్యార్థులు ఇంటిదగ్గర రాసుకొచ్చిన అసైన్‌మెంట్లు అవి. సగానికి పైగా కాగితాల్లో 'ముత్యాల సరాలు' కాస్తా 'ముత్యాల సారాలు' అయి కూర్చున్నాయి. ఒక విద్యార్థి అయితే జవాబు మధ్యలో "వివరాలకు 42వ పేజీ చూడుడు" అని కూడా రాశాడు. రాసింది మొత్తం మూడు పేజీలు.

"మాస్టారూ, ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను. గోడలకు చెప్పినా ఈపాటికి అవి నాలుగు పాదాలు అప్పజెప్పేవి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడుగాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

కాగితాలు మరోసారి తిరగేస్తుంటే నాకొక అనుమానం వచ్చింది. తప్పు రాయడంలో పిల్లలకు ఇంత ఐకమత్యం ఎలా కుదిరింది? నిర్లక్ష్యంగా రాసేవాడు తనదైన తప్పు రాస్తాడు. ఒకడు ఒత్తు మరిచిపోతాడు, ఒకడు దీర్ఘం మింగుతాడు, ఒకడు పంక్తినే వదిలేస్తాడు. ఇక్కడ అందరూ ఒకే దీర్ఘం, ఒకే చోట పెట్టారు. బజారులో దొరికే గైడు తెప్పించి చూస్తే సంగతి తేలింది. ఆ దీర్ఘం గైడులోని అచ్చుతప్పు. 42వ పేజీ కూడా గైడులోదే.

దీన్ని నిర్లక్ష్యం అనగలమా? పాఠ్యపుస్తకం విషయంలో ముమ్మాటికీ నిర్లక్ష్యమే. గైడు విషయంలో మాత్రం ఆ పిల్లలు చూపింది అసాధారణమైన శ్రద్ధ. అక్షరం పోకుండా, తప్పు కూడా దిద్దకుండా, భక్తిగా దించారు. అంటే శ్రద్ధపెట్టే శక్తి వాళ్ళలో లేకపోలేదు. అది దారి మళ్ళింది. ఎవరు మళ్ళించారు, ఎందుకు మళ్ళింది అన్నవి అసలు ప్రశ్నలు.

2. రెండు తోవలు, రెండూ తప్పే

ఈ ప్రశ్నలకు సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తుంటాయి.

మొదటిది నీతివాదుల జవాబు. కాలం చెడింది, పెద్దల మాట మీద గౌరవం పోయింది, చేతిలో ఫోను వచ్చింది, అందుకని చదువు పోయింది అంటారు. ఇది విద్యార్థి గుణగణాల్లో కారణం వెతికే భావవాద ధోరణి. ఫోను రాకముందు కూడా ఇదే ఫిర్యాదు వుండేదని, ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నవారి మీద వారి గురువులు కూడా ఇదే ఫిర్యాదు చేశారని వీరు మరిచిపోతారు. ప్రతి తరమూ తన తర్వాతి తరం చెడిందనే అంటూ వచ్చింది. నిజంగా అలాగే జరుగుతూ వచ్చివుంటే ఈపాటికి లోకంలో చదవను రాయను వచ్చినవాడు ఒక్కడూ మిగలకూడదు.

రెండవది మన పత్రికల్లో మనం తరచు ఇచ్చే జవాబు. తప్పంతా వ్యవస్థది, విద్యార్థి బాధితుడు, కనుక అతన్ని ఏమీ అనకూడదు. వినడానికి ఇది అభ్యుదయకరంగా వుంటుంది. నిజానికి ఇది యాంత్రికం. విద్యార్థిని పరిస్థితులు ఎటు తోస్తే అటు దొర్లే రాయిగా చూసే ఈ దృష్టిలో అతనిపట్ల జాలి వుందేమోగాని గౌరవం లేదు. పైగా ఈ జవాబు అధ్యాపకుణ్ణి కూడా బాధ్యతనుంచి తప్పిస్తుంది. వ్యవస్థ మారేదాకా చేసేదేమీ లేదని అతను కూడా హాజరు వేసి కూర్చోవచ్చు. మొదటి జవాబు విద్యార్థిని తిడుతుంది, రెండోది క్షమిస్తుంది. అతన్ని అర్థం చేసుకునే ప్రయత్నం రెండింటిలోనూ లేదు.

3. ఒకే పేరు కింద నాలుగు సంగతులు

తరగతిలో మనం 'నిర్లక్ష్యం' అని ఒకేమాటతో పిలిచేదాన్ని విడదీసి చూస్తే అందులో కనీసం నాలుగు వేరువేరు సంగతులు కనిపిస్తాయి.

మొదటిది అలసట. మా మిత్రుడి తరగతిలో ఒక కుర్రాడు మొదటి పీరియడులో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయేవాడు. రెండుసార్లు బయటికి పంపాడు. మూడోసారి కేకలేస్తే పక్కవాడు లేచి, "పెళ్ళిళ్ళ రోజులు కదా సార్, వాడు రాత్రి కేటరింగ్‌కి వెళ్ళొచ్చాడు" అన్నాడు. అర్ధరాత్రిదాకా బంతుల్లో వడ్డించి, గిన్నెలు వేనుకెక్కించి, తెల్లారి బస్సు పట్టుకుని కాలేజీకి వచ్చిన మనిషి అతను. ఆ నిద్ర ఆదిత్య హృదయం వినిపించినా ఆగదు, శ్రీశ్రీని వినిపించినా ఆగదు.

రెండోది అర్థం కాకపోవడం. అర్థం కాలేదని ఒప్పుకోవడంకన్నా పట్టించుకోలేదని అనిపించుకోవడం పద్దెనిమిదేళ్ళ వయసులో గౌరవంగా వుంటుంది. చదవలేనివాడు చదవనివాడిలా నటిస్తాడు. మా బడుల్లో ఆరో తరగతినుంచే ఈ నటన మొదలవుతుంది. వాచకం తెచ్చుకోలేదని చెప్పే పిల్లవాడి సంచిలో ఆ వాచకం వుంటుంది. బయటికి తీస్తే పైకి చదవమంటామని వాడి భయం. ఆ భయం పోగొట్టకుండానే పై తరగతికి పంపుతాం. కళాశాలకు చేరేసరికి అది నిర్లక్ష్యం అనే ముఖం తొడుక్కుంటుంది.

మూడోది లెక్క. ఏ పనికి ఎంత ఫలితమో విద్యార్థులు చాలా ఖచ్చితంగా లెక్కవేస్తారు. పుస్తకం మొత్తం చదివినవాడికీ, గైడులో అయిదు ప్రశ్నలు బట్టీపట్టినవాడికీ మార్కుల్లో తేడా లేదని తేలినప్పుడు, చదవడం అనవసరపు శ్రమగా తోస్తుంది. ఇది బద్ధకంగా కనిపించే పొదుపు.

నాలుగోది నిజమైన నిర్లక్ష్యం. ఆకలి లేదు, అలసట లేదు, అర్థంకాకపోవడం లేదు. ఏదో ఒక సీటు కొనిపెట్టే తండ్రి వున్నాడన్న ధీమా మాత్రం వుంది. ఇటువంటివాళ్ళు లేరని నేననను. అయితే వీళ్ళు ప్రభుత్వ కళాశాల తెలుగు తరగతిలో ఎందరుంటారో ఆ తరగతికి వెళ్ళేవారికే తెలుసు.

ఈ నాలుగింటినీ కలిపి ఒకే పేరు పెట్టి, అన్నింటికీ ఒకే మందు, అంటే మందలింపు, వేయడం వల్లనే మందు పనిచేయడం లేదు. అలసినవాణ్ణి తిడితే సిగ్గుపడతాడు. అర్థంకానివాణ్ణి తిడితే ఇంకా లోపలికి దాక్కుంటాడు. లెక్కవేసేవాడు తిట్లను కూడా లెక్కలో కలుపుకుంటాడు. నాలుగోవాడికి అసలు తగలదు.

4. వెంకటేశానికి ముందూ వెనకా

ఇది ఇవాళ్టి సమస్యే అనుకునేవారు 'కన్యాశుల్కం' మరోసారి తీసి చూడాలి. 1897లో మొదటి కూర్పుగా, 1909లో సమూలంగా మారిన రెండో కూర్పుగా వచ్చిన ఆ నాటకంలో గిరీశానికీ వెంకటేశానికీ వున్న సంబంధాన్ని మనం హాస్యంగా మాత్రమే చదువుతాం. నిజానికి ఒక విద్యావిధానం మీద అంతటి విమర్శ మన సాహిత్యంలో అరుదు. కొడుకు చదువుమీద ముచ్చటపడి తల్లి ఇద్దర్నీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. గురుశిష్యులిద్దరూ నోటికొచ్చిన పద్యపు ముక్కలూ పాఠ్యపుస్తకపు తునకలూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆమె మురిసిపోతుంది. అక్కడ సంభాషణ లేదు, సంభాషణ ఆకారం వుంది. చదువు లేదు, చదువు చప్పుడు వుంది.

'42వ పేజీ చూడుడు' అని దించిన విద్యార్థి వెంకటేశానికి వారసుడే. అయితే గురజాడ వెంకటేశాన్ని ఒంటరిగా చూపలేదన్నది గమనార్హం. అతని పక్కన గిరీశం వున్నాడు. ఎదుట మెచ్చుకునే తల్లి వుంది. వెనుక, ఇంగ్లీషు చదువును ఖర్చుగానూ రాబడిగానూ లెక్కగట్టే తండ్రి వున్నాడు. శిష్యుడి డొల్లతనాన్ని గురువు డొల్లతనంనుంచీ, ఇంటి ఆశనుంచీ, కాలం ధరనుంచీ విడదీసి చూడడం గురజాడకు సాధ్యం కాలేదు. మనకు మాత్రం ఎలా సాధ్యమవుతుంది?

గిడుగు రామమూర్తి చరిత్ర ఇంకొక పాఠం చెబుతుంది. పర్లాకిమిడిలో ఆయన ఉపాధ్యాయుడు. సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించిన మనిషి. పిల్లలు గ్రాంథికం రాయబోయి తప్పులు రాస్తే పండితులు ఆ తప్పుల్ని విద్యార్థుల అశ్రద్ధగా లెక్కగట్టారు. గిడుగు వాదన వేరు. ఎవరూ మాట్లాడని భాషలో రాయమని నిర్బంధిస్తే తప్పులు రాక తప్పదన్నాడు. అంతటితో ఆగక, నియమాలు విధించే పండితుల రచనలనే ముందుపెట్టుకుని, వారు తమ నియమాలను తామే ఎక్కడెక్కడ తప్పారో 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'లో ఎత్తిచూపాడు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఈ పోరాటంలో భాగమే. విద్యార్థి తప్పుగా కనిపించినది నిజానికి పాఠ్యవిధానపు తప్పు కావచ్చునన్న దృష్టిని తెలుగుదేశంలో ఇంత బలంగా నిలబెట్టినవారు వీరే. వాళ్ళ బొమ్మలకు దండలు వేసే తెలుగు శాఖల్లోనే ఇవాళ ఆ దృష్టి కనబడకపోవడం విచారకరం.

పాత కథ అనుకోవడానికి కూడా వీల్లేదు. 2021-22 విద్యాసంవత్సరంనుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇంగ్లీషు రావాలన్న కోరిక తప్పు కాదు. పేద కుటుంబాల ఆ కోరికను ఎగతాళి చేసేవారు తమ పిల్లలను ఎక్కడ చదివిస్తున్నారో చూసుకోవాలి. కాని పన్నెండేళ్ళు తెలుగులో చదివినవాడికి ఇంగ్లీషు నేర్పకుండానే ఇంగ్లీషులో ఆర్థికశాస్త్రం రాయమంటే అతనికి మిగిలే దారి ఏమిటి? సొంతవాక్యం అతనికి ప్రమాదం. దించిన వాక్యం క్షేమం. బట్టీ అక్కడ బలహీనత కాదు, ఆత్మరక్షణ.

5. ప్రశ్నాపత్రం నేర్పే పాఠం

ఏ కళాశాలలోనైనా అధ్యాపకుడు చెప్పే పాఠంకన్నా బలంగా విద్యార్థికి ఎక్కేది ప్రశ్నాపత్రం చెప్పే పాఠం. అయిదేళ్ళ పాత ప్రశ్నాపత్రాలు ముందుపెట్టుకుంటే ఆరో ఏడాది ప్రశ్నలు ఇంటర్ కుర్రాడు కూడా చెప్పగలడు. 'ఫలానా కవి కవిత్వ విశిష్టతను తెలుపుము', 'ఫలానా పాఠం సారాంశం రాయుము'. ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి ఆ కవిని చదవనక్కరలేదు. చదివితే నష్టం కూడా వుంది. సొంతంగా చదివినవాడికి గైడులో లేని అభిప్రాయం కలిగే ప్రమాదం వుంది.

ఆ తర్వాత మూల్యాంకనం. స్పాట్ వాల్యుయేషన్ శిబిరాల్లో రోజుకు ముప్పై పేపర్లు, ఒత్తిడి పెరిగితే అంతకుమించి దిద్దవలసి వుంటుంది. ఎండాకాలం, ఇరుకు గది, పేపరుకు ఇంత అని కూలి. అటువంటిచోట చదవడం జరగదు, చూడడం జరుగుతుంది. సైడ్ హెడింగులున్నాయా, కింద గీతలున్నాయా, ఎన్ని పేజీలున్నాయి. విద్యార్థులకు ఇది తెలుసు. జవాబు మధ్యలో ఏమి రాసినా ఎవరూ చదవరని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. మనం వాళ్ళ రాత చదవనప్పుడు, వాళ్ళు మన పాఠం చదవలేదని ఎలా నిలదీస్తాం?

ఇది ఊహ కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో జరిగింది అందరికీ తెలుసు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా మార్కులు వచ్చినట్టు నమోదయింది. తిరిగి చూస్తే ఆమెకు వచ్చినవి 99. పరీక్ష రాసినవారు రానట్టుగా, పాసైనవారు తప్పినట్టుగా కనిపించారు. ఆ ఫలితాలు వెలువడిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విద్యార్థి ఒక దీర్ఘం తప్పు పెడితే మార్కు తగ్గుతుంది. పెద్దల నిర్లక్ష్యానికి ఎవరి మార్కులు తగ్గించాలి?

దీనికి తోడు మార్కులే సర్వస్వమైన చోట భాషకు పట్టిన గతి చూడండి. ఏళ్ళ తరబడి ఇంటర్మీడియట్‌లో లక్షలాది తెలుగు పిల్లలు రెండోభాషగా సంస్కృతం తీసుకుంటూ వచ్చారు. కాళిదాసు మీద ప్రేమ పొంగి కాదు. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో కూడా రాయవచ్చు, మార్కులు బాగా పడతాయి, అంతే. ఇందులో సంస్కృతానికీ అవమానమే, తెలుగుకూ అవమానమే. ఈ ఏర్పాటు చేసింది పిల్లలు కాదు. దీన్ని సలహాగా ఇచ్చింది కార్పొరేట్ కళాశాలలు, ఒప్పుకున్నది తల్లిదండ్రులు, చూసీ చూడనట్టు వున్నది ప్రభుత్వాలు. అలా రెండేళ్ళు భాషను మార్కుల సరుకుగా చూడడం నేర్చుకుని వచ్చినవాడు డిగ్రీ మొదటి సంవత్సరంలో హఠాత్తుగా సాహిత్య పిపాసి అయిపోవాలని మనం ఆశిస్తున్నాం.

6. చెప్పేవాడి సంగతి

అధ్యాపకుడి పరిస్థితి చెప్పకుండా ఈ విచారణ పూర్తికాదు. విద్యమీద జాతీయాదాయంలో ఆరు శాతం ఖర్చుపెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా అదే ఆరు శాతాన్ని ఆశయంగా చెప్పుకున్నది. యాభై నాలుగేళ్ళ తర్వాత కూడా అదే అంకెను ఆశయంగా చెప్పుకోవలసి వచ్చిందంటే మధ్యలో ఏం జరగలేదో అర్థమవుతుంది. ఖాళీలు నింపరు. నింపినచోట ఒప్పంద అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు. అతిథి అన్న మాట మన సంస్కృతిలో గొప్పదే. ఈ అతిథికి మాత్రం పీరియడు లెక్కన కూలి, సెలవులకు కూలి లేదు, వచ్చే ఏడాది ఆహ్వానం వస్తుందో రాదో తెలియదు. మూడు కళాశాలలు తిరిగి పొట్టపోసుకునే మనిషిని ప్రతి విద్యార్థి అసైన్‌మెంటూ చదివి దిద్దమనడం అన్యాయం.

అతను విద్యార్థి మీద కసురుకుంటాడు. విద్యార్థి అతన్ని లెక్కచేయడు. పని భద్రతలేని ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఒకరినొకరు దోషులుగా చూసుకుంటారు. వాళ్ళిద్దర్నీ ఆ స్థితిలో వుంచినవాళ్ళు గది బయట క్షేమంగా వుంటారు. ఈ ఫిర్యాదు రాజకీయార్థం ఇదే.

7. చదువు కూడా శ్రమే

అయితే ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి విద్యార్థినుంచి ఏమీ అడగకూడదని ఎవరైనా అనుకుంటే అది నా అభిప్రాయానికి పూర్తిగా విరుద్ధం.

ముస్సోలినీ జైల్లో వుండి రాసిన నోటుపుస్తకాల్లో గ్రాంసీ విద్య గురించి ఒక కఠినమైన మాట చెప్పాడు. చదువు కూడా ఒక పని అనీ, చాలా అలసట కలిగించే పని అనీ, గంటల తరబడి కుదురుగా కూర్చోవడం, దృష్టి నిలపడం శరీరానికీ నరాలకూ అలవాటు చేయవలసిన విషయాలనీ ఆయన అభిప్రాయం. చదువుకున్న ఇళ్ళ పిల్లలు ఈ అలవాటును ఇంట్లోనే పొందుతారు. శ్రామికుల పిల్లలు బడిలో కొత్తగా సంపాదించుకోవాలి. అందుకని వాళ్ళకోసం చదువును తేలిక చేయాలని గ్రాంసీ అనలేదు. తేలిక చేస్తే వాళ్ళు ఎప్పటికీ వెనకే వుంటారని ఆయన భయం.

విద్యార్థిని ఖాళీ పాత్రగా చూసి సమాచారం నింపే చదువును బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరే బ్యాంకులో సొమ్ము వేయడంతో పోల్చాడు. ఆయన పుస్తకం 1970లో ఇంగ్లీషులో వచ్చిననాటినుంచీ మనలో చాలామంది దాన్ని ఉటంకిస్తున్నాం. కాని ఆ విమర్శను క్రమశిక్షణ మీద విమర్శగా అర్థంచేసుకోవడం పొరపాటు. ఫ్రెయిరే అడిగిన సంభాషణకు బట్టీకన్నా ఎక్కువ శ్రమ కావాలి. ఇద్దరూ చదివి రావాలి, ఇద్దరూ ఆలోచించాలి. బట్టీకి ఒకరు చాలు.

కనుక కేటరింగ్ కుర్రాడు అలసిపోయాడని జాలిపడి పాసు మార్కులు వేసి పంపడం దయ కాదు. అతనికి దక్కవలసిన చదువును దక్కకుండా చేయడమే. డబ్బున్నవాడికి చదువు రాకపోయినా బతుకు వుంది. లేనివాడికి చదువు రాకపోతే కాగితం మాత్రమే చేతిలో మిగులుతుంది. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ అదే బంతిలో వడ్డనకు వెళతాడు.

8. గైడులో లేని ప్రశ్న

మా మిత్రుడు ఆ కట్ట తీసుకుని వెళ్ళాక ఒక పని చేశాడు. తర్వాతి అసైన్‌మెంటుకు కవుల పేర్లు ఇవ్వలేదు. "మీ ఇంట్లోనో వాడలోనో ఎవరైనా ఒక పని చేసేవాళ్ళ దగ్గర కూర్చుని, ఆ పనిలో వాడే మాటలు ఇరవై సేకరించండి. ఒక్కొక్క మాటకు అర్థం మీ వాక్యంలో రాయండి" అన్నాడు. అద్భుతం జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. కొందరు అసలు రాయలేదు. కొందరు ఫోనును అడిగి రాయించుకొచ్చారు. ఫోను రాసిన తెలుగు తప్పుల్లేకుండా, ప్రాణం లేకుండా వుండి, చూడగానే దొరికిపోయింది. తక్కినవాళ్ళు మాత్రం రాశారు. పేజీ నిండా అక్షరదోషాలతో, ఒత్తులు తారుమారై, కాని రాశారు. వలలు, మగ్గం, తాపీపని, వరినాట్లు. మిత్రుడికి తెలియని మాటలు ఎన్నో వచ్చాయి.

కేటరింగ్ కుర్రాడు ఆలస్యంగా ఇచ్చాడు. వంటశాల మాటలు రాశాడు. అందులో ఒక మాటకు అతనిచ్చిన అర్థం సరికాదేమోనని మిత్రుడు అంటే ఆ కుర్రాడు మొదటిసారిగా తరగతిలో లేచి వాదించాడట. "కాదు సార్, మా మేస్త్రి అలాగే అంటాడు, కావాలంటే అడిగి వస్తాను" అన్నాడట. అలా వాదించడానికి అతనికి ఆ విషయం తెలిసివుండాలి, దానిమీద పట్టింపు వుండాలి. శ్రద్ధ అంటే ఈ పట్టింపే.

ఇక అక్షరదోషాల సంగతి. మిత్రుడు వాటిని వదిలేయలేదు. ప్రతి కాగితం దిద్ది ఇచ్చి, మళ్ళీ రాయించాడు. తనది అనుకున్న రాతను తిరగరాయడానికి పిల్లలు అంతగా విసుక్కోలేదు. గైడునుంచి దించినదాన్ని దిద్దితే అది గైడు తప్పు. తాను రాసినదాన్ని దిద్దితే అది తన భాష.

ఈ ఒక్క అసైన్‌మెంటుతో విద్యావ్యవస్థ మారదు. వచ్చే పరీక్షలో మళ్ళీ 'కవిత్వ విశిష్టతను తెలుపుము' అనే వస్తుంది. ఆ పిల్లలు మళ్ళీ గైడు కొనక తప్పదు. ప్రశ్నాపత్రాలు మారాలన్నా, దిద్దేవారికి చదివి దిద్దే వ్యవధి వుండాలన్నా, ఖాళీలు నిండాలన్నా, తరగతిగది దాటి అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ కలిసి అడగవలసిందే. జీతభత్యాల కోసం సమ్మె చేయగలిగిన మన సంఘాలు ఒక ప్రశ్నాపత్రం గురించి ఎన్నడైనా తీర్మానం చేశాయా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఆ బాధ్యత రచయితల సంఘాలమీద కూడా వుంది. రేపటి పాఠకుడు తయారయ్యేదీ, తయారుకాకుండా పోయేదీ ఆ గదిలోనే.

ఆ పోరాటం సాగుతుండగానే రేపు ఉదయం మొదటి పీరియడు వుంటుంది. వెనకబెంచీలో ఒకడు తల వాల్చి నిద్రపోతుంటాడు. అతన్ని లేపవలసిందే. లేపిన తర్వాత అతన్ని అడగడానికి గైడులో లేని ప్రశ్న ఒకటి మన దగ్గర వుండాలి.